దయ్యాలు దిద్దిన శాస్త్రం

టెట్, డీఎస్సీ గైడు ముట్టుకున్న వాళ్ళెవరినైనా నిద్రలేపి అడగండి, మనస్తత్వశాస్త్రం ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతుల్లో పుట్టిందో. 1879, లైప్‌జిగ్, విల్‌హెల్మ్ వుంట్ అని కళ్ళు తెరవకుండానే చెప్తారు. ఒక మార్కు. ఆ తర్వాత విలియం జేమ్స్‌కి ఒక బిట్టు, ఫ్రాయిడ్‌కి రెండు, పావ్‌లోవ్ కుక్కకి ఒకటి. తేదీలూ పేర్లూ అన్నీ సరైనవే. కానీ ఇలా చదివిన వాళ్ళ బుర్రలో ఒక కథ స్థిరపడిపోతుంది. తత్వవేత్తలు ఆత్మ గురించి శతాబ్దాలుగా వాదించుకుంటూ ఉంటే, ఒకరోజు ఒక జర్మన్ ప్రొఫెసరు గడియారమూ మీటా పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు, ఆత్మ బయట ఉండిపోయింది, శాస్త్రం లోపల మొదలైంది అని.

కథ బాగుంది. కాకపోతే వుంట్ తలుపేసుకునే నాటికి లైప్‌జిగ్ ప్రొఫెసర్ల సమక్షంలోనే ఆత్మలు పలకల మీద రాస్తున్నాయి, తాళ్ళకి ముడులు వేస్తున్నాయి. ఆ తర్వాత కూడా అవి ఎటూ పోలేదు. నూటముప్పై ఏళ్ళ పాటు ఈ శాస్త్రం కొంగు పట్టుకుని తిరిగాయి. నేను దయ్యాల్ని నమ్మను. మాటా సైగా లేకుండా ఒకరి మనసులోది ఇంకొకరికి అందుతుందనే టెలీపతీనీ నమ్మను. చుట్టాలు వాట్సాప్‌లో పంపే పునర్జన్మ వీడియోలు తెరిచి కూడా చూడను. అయినా, ప్రయోగం ఎలా చెయ్యాలో, మనిషి ఎక్కడెక్కడ మోసపోతాడో మనస్తత్వశాస్త్రానికి నేర్పిన వాటిలో దయ్యాల వాటా చాలా పెద్దదని నా వాదన. ఆ వాటాని సిగ్గుపడి పాఠ్యపుస్తకాల్లోంచి కత్తిరించేశారు. నష్టపోయింది చదువుకునే పిల్లలు.

ముందు లైప్‌జిగ్ సంగతి. హెన్రీ స్లేడ్ అని ఒక అమెరికన్ మీడియం, అంటే ఆత్మలు తన ద్వారా మాట్లాడతాయని చెప్పుకునే మనిషి, ఉండేవాడు. ఆత్మల చేత పలక మీద రాయించడం అతని విద్య. 1876లో లండన్‌లో పట్టుబడ్డాడు. కోర్టు శిక్ష వేస్తే, అప్పీల్లో ఏదో సాంకేతిక లోపం చూపించి బయటపడ్డాడు. 1877లో లైప్‌జిగ్ చేరాడు. అక్కడ అతన్ని నెత్తిన పెట్టుకున్నది అమాయకుడెవరో కాదు, యోహాన్ త్సోల్నర్ అనే పేరున్న ఖగోళ భౌతిక శాస్త్రవేత్త. రెండు కొసలూ కలిపి లక్కతో సీలు వేసిన తాడులో స్లేడ్ ఎదుట ముడులు పడ్డాయి కాబట్టి, నాలుగో పరిమాణం ఒకటి ఉందనీ ఆత్మలు అందులో ఉంటాయనీ త్సోల్నర్ తేల్చాడు. ఆత్మల్ని పిలిచే ఆ కూటాల్లో భౌతిక శాస్త్రవేత్త విల్‌హెల్మ్ వేబర్ కూర్చున్నాడు. గుస్తావ్ ఫెక్నర్ కూర్చున్నాడు. వుంట్ కూడా కూర్చున్నాడు.

హాలె యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పే ఉల్‌రిచి, ఇంతమంది పెద్ద శాస్త్రవేత్తలు కళ్ళారా చూశారు కనక ప్రేతవాదం ఇక శాస్త్రీయ విషయమేనని రాశాడు. వుంట్‌కి ఒళ్ళు మండింది. 1879లోనే, అంటే గైడుల్లో ఉన్న అదే సంవత్సరంలో, ఉల్‌రిచికి బహిరంగ లేఖ అచ్చు వేయించాడు. అందులో ఒక మాట నాకు బాగా పట్టుకుంది. ప్రకృతిని పరిశోధించేవాడు తన ఎదుట ఉన్న వస్తువు తనని మోసం చెయ్యదన్న భరోసా మీద పనిచేస్తాడు, అందువల్ల మోసం జరిగే చోట అతనికంటే పనికిరాని సాక్షి ఉండడు, అక్కడికి గారడీవాడు రావాలి అంటాడు. ఆపైన వెటకారం మొదలుపెడతాడు. ఈ కూటాలే నిజమైతే, చనిపోయిన మన పెద్దలు అమెరికన్ మీడియంలకి బానిసలైపోయారన్నమాట, పలకల మీద వాళ్ళ రాతలు చూస్తే బుద్ధి కూడా మందగించినట్టుంది, నీతి విషయంలో మాత్రం ఫర్వాలేదు, పాపం ఎవరికీ హాని చెయ్యడం లేదు, అని. వుంట్ అంటే ఎండిపోయిన వేల పేజీల జర్మన్ అనుకునేవాళ్ళు ఈ లేఖ చదవాలి.

వుంట్ ప్రయోగశాల ఆ రోజుల్లో పేద విద్యార్థుల భోజనశాల ఉన్న భవనంలో ఒక చిన్న గది. ప్రయోగానికి ఆయన పెట్టిన నియమాలు ఇవి: పరిశీలించేవాడికి సంఘటన ఎప్పుడు మొదలవుతుందో ముందే తెలియాలి, ధ్యాసంతా దాని మీదే ఉండాలి, అదే పరీక్ష పదేపదే చెయ్యగలగాలి, పరిస్థితులు మార్చి మార్చి చూడాలి. ఇప్పుడు దీపాలార్పిన కూటం గుర్తుచేసుకోండి. ఎప్పుడు ఏం జరుగుతుందో మీడియం ఇష్టం. ధ్యాస ఎటు మళ్ళాలో మీడియం ఇష్టం. మళ్ళీ చేసి చూపించమంటే ఆత్మలకి మూడ్ ఉండాలి. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాశాడని నేననను. కానీ ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్తే, ఆ నాలుగు నియమాలు బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు.

ఫెక్నర్ విషయం ఇంకా చిత్రం. బరువు, వెలుగు వంటి ఉద్దీపన ఎంత పెరిగితే మన అనుభూతి ఎంత పెరుగుతుందో లెక్కగట్టిన తొలి మనిషి ఆయన. 1860లో ఆ లెక్కల పుస్తకం రాకపోతే వుంట్ ప్రయోగశాలకి కొలిచే పనే దొరికేది కాదు. ఈ ఫెక్నర్ మొదట భౌతికశాస్త్ర ప్రొఫెసరు. కంటిలో మిగిలే బింబాల మీద ప్రయోగాలకని రంగు అద్దాల్లోంచి సూర్యుణ్ణి చూసి చూసి కళ్ళు పాడుచేసుకున్నాడు. ఉద్యోగం వదిలేసి దాదాపు మూడేళ్ళు చీకటి గదిలో బతికాడు. 1843లో కట్టు విప్పి తోటలోకి వస్తే, పూల లోపల ఆత్మ వెలుగుతున్నట్టు కనిపించిందట. 1848లో మొక్కల మనసు గురించి పుస్తకం రాశాడు. తర్వాత గ్రహాలకీ నక్షత్రాలకీ కూడా చైతన్యం ఉందంటూ ఇంకోటి రాశాడు. 1850 అక్టోబర్ 22 పొద్దున పక్క మీద ఉండగా ఆయనకి తట్టిన ఆలోచనే ఆ ప్రసిద్ధ లెక్కకి మూలం. మనసూ పదార్థమూ ఒకే దానికి రెండు ముఖాలని రుజువు చెయ్యాలన్నది ఆయన తపన. మనం ఆ లెక్కలోని లాగరిథమ్ సూత్రం ఉంచుకుని మొక్కల ఆత్మని పారేశాం. పారేసినందుకు నాకేం బాధ లేదు, పారేశామని చెప్పకపోవడం దగ్గరే నా పేచీ.

ఇక విలియం జేమ్స్. పన్నెండేళ్ళు రాసి 1890లో రెండు సంపుటాల మనస్తత్వశాస్త్ర గ్రంథం తెచ్చినవాడు. 1885 వేసవిలో ఆయన ఏడాదిన్నర కొడుకు హెర్మన్ చనిపోయాడు. ఆ శరదృతువులో అత్తగారు బోస్టన్‌లో లియొనోరా పైపర్ అనే మీడియం దగ్గరికి వెళ్ళొచ్చి, ఆవిడ మన ఇంటి సంగతులన్నీ చెప్పేస్తోందంది. జేమ్స్ మొదట నవ్వాడు, తర్వాత తనే వెళ్ళాడు. కొడుకు పోయిన తండ్రి సోది చెప్పే మనిషి దగ్గరికి వెళ్ళడం మనకేమీ కొత్త కాదు. అయితే ఈ తండ్రి ఇరవై ఐదేళ్ళ పాటు నోట్సు రాసుకుంటూ వెళ్ళాడు. పైపర్ మీద ఆయన చాలా తేలిగ్గా మెత్తబడ్డాడని నా అభిప్రాయం. కూటాల మధ్యలో ఇంట్లోవాళ్ళు నోరు జారిన మాటలకి లెక్కే లేదు. అయినా 1896లో ఆయన అన్న మాట మాత్రం తర్కంలో నిలబడుతుంది. కాకులన్నీ నల్లనివన్న సూత్రాన్ని పడగొట్టాలంటే అన్ని కాకుల్నీ పట్టుకురానక్కర్లేదు, ఒక్క తెల్ల కాకి చాలు, నా తెల్ల కాకి మిసెస్ పైపర్ అన్నాడు. 1909లో, చనిపోవడానికి ఏడాది ముందు, పాతికేళ్ళ తర్వాత కూడా మొదలుపెట్టిన చోటే ఉన్నానని ఒప్పుకుంటూ వ్యాసం రాశాడు. అంత పేరున్న మనిషి అలా అచ్చులో రాయడం మామూలు విషయం కాదు.

అదే 1909లో పైపర్ దగ్గరికి ఇంకో ఇద్దరు వెళ్ళారు. ఒకరు మనస్తత్వ శాస్త్రవేత్త జి. స్టాన్లీ హాల్, అదే ఏడు ఫ్రాయిడ్‌ని అమెరికా రప్పించిన పెద్దమనిషి. రెండోవారు ఆయన సహాయకురాలు ఎమీ టానర్. పైపర్ నోట పలుకుతున్నది అప్పటికి నాలుగేళ్ళ కింద చనిపోయిన రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే పరిశోధకుడి ఆత్మ అని ప్రచారం. హాల్ ఆ ఆత్మని మా మేనకోడలు బెస్సీ బీల్స్‌తో మాట్లాడించమన్నాడు. బెస్సీ వచ్చింది, కబుర్లు చెప్పింది. అలాంటి మేనకోడలు నాకు ఎప్పుడూ లేదు, ఆ పేరు నేను కల్పించాను అన్నాడు హాల్. ఆత్మగారు తడబడి, పొరపాటైంది, అది ఇంకెవరి తాలూకో జెస్సీ బీల్స్ అని సర్దుకుంది. ఒక ప్రయోగం ఎలా రూపొందించాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ పాఠంలోనైనా ఉంటే చూపించండి. జేమ్స్ ఇన్నేళ్ళూ సరైన జవాబులు లెక్కపెట్టాడు. సరైన జవాబే లేని ప్రశ్న వెయ్యాలని హాల్‌కి తట్టింది. (పైపర్‌ని నొప్పి పరీక్షల పేరుతో వాళ్ళిద్దరూ బాధపెట్టారు కూడా. ఆవిడ మీద నాకు జాలే.)

ఆ ఏడాది డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఇటలీ మీడియం యుసేపియా పల్లాడినో కూటంలో, వుంట్ శిష్యుడు హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ పక్కన కూర్చుని ఉండగా, నేల మీద పాకుతూ వచ్చిన ఒకాయన చీకట్లో ఆవిడ పాదం దొరకబుచ్చుకున్నాడు. బూటు విప్పేసి కాలితో బల్లలు కదుపుతోంది. ఆవిడ కేక వేసింది, కూటం ముగిసింది. హార్వర్డ్‌లో ఈ మున్‌స్టర్‌బర్గ్ దగ్గర చదువుకున్న నరేంద్రనాథ్ సేన్‌గుప్తా తిరిగొచ్చి, 1916లో కలకత్తా యూనివర్సిటీలో ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్ర విభాగం నడిపాడు. మన దేశంలో ఈ చదువు మొదలైంది అక్కడే.

పట్టుబడ్డ మీడియంల కథలు సరదాగా ఉంటాయి కానీ, అసలు సారం పేకముక్కల్లో ఉంది. 1884లో ఫ్రెంచి వైద్యుడు షార్ల్ రీషే (తర్వాత 1913లో నోబెల్ వచ్చింది, దయ్యాలకి కాదులెండి, వైద్యానికి) టెలీపతీని పరీక్షిద్దామని ముక్క తీసి దాని రంగు ఊహించమన్నాడు. కళావరు, ఆఠీను, ఇస్పేటు, డైమను, నాలుగింట్లో ఒకటి. 2,927 ఊహల్లో కాకతాళీయంగా 732 తగలాలి. 789 తగిలాయి. కాస్త ఎక్కువ. ఆ కాస్తకి అర్థం ఉందా లేదా? ఈ ప్రశ్న అడగాలంటే మొదట ముక్కలు కలపాలి, తర్వాత సంభావ్యత లెక్క రావాలి. సరిగ్గా అదే సమయంలో అమెరికాలో తత్వవేత్త చార్లెస్ పియర్స్, అతని విద్యార్థి జోసెఫ్ జాస్త్రో ఫెక్నర్ లెక్కని పరీక్షిస్తూ, ఏ బరువు ముందు ఏది తర్వాత అన్నది పేకముక్కలు కలిపి నిర్ణయించారు. ప్రయోగం చేసేవాడి ఇష్టాయిష్టాలు వరసలోకి దూరకుండా ఆపడానికి అదృష్టాన్ని పనిముట్టుగా వాడుకున్న తొలి ప్రయోగాల్లో ఇదొకటి. వాళ్ళకి దొరికింది ఏంటంటే, నాకేం తేడా తెలియడం లేదు, ఊరికే చెప్తున్నాను అన్న చోట కూడా మనిషి కాకతాళీయం కంటే ఎక్కువసార్లు సరిగ్గా చెప్తున్నాడు. 1885లో అచ్చైన ఆ వ్యాసం చివర, టెలీపతీ అనుకుంటున్న వాటిలో కొన్నింటికి కారణం ఇలాంటి లీలామాత్రపు అనుభూతులే కావచ్చని ఒక వాక్యం ఉంది. జాస్త్రో ఆ తర్వాత జీవితమంతా మీడియంల మీద యుద్ధం చేశాడు. ఇయాన్ హ్యాకింగ్ అనే తత్వవేత్త 1988లో ఈ పేకముక్కల చరిత్రంతా తవ్వితీసి, యాదృచ్ఛికంగా వరస నిర్ణయించడమన్న పద్ధతికి టెలీపతీతో ఉన్న చుట్టరికం చూపించాడు. ఇప్పుడు కొత్త మందు పరీక్షలో ఎవరికి మందు, ఎవరికి ఉత్త మాత్ర అని కంప్యూటరు చీటీ తీస్తోందంటే ఆ వంశవృక్షంలో రీషే పేకముక్కలకీ చోటుంది.

కాలితో నేల తట్టి లెక్కలకి జవాబు చెప్పే బెర్లిన్ గుర్రం హాన్స్ కథ చాలామందికి తెలుసు కనుక ఒక్క మాటతో సరిపెడతాను. జవాబు తెలియని మనిషి అడిగితే హాన్స్ తప్పు చెప్తుందని 1907లో ఓస్కర్ ఫుంగ్‌స్ట్ తేల్చాడు. తర్వాత ప్రయోగశాలలో తనే గుర్రం వేషం వేసుకుని, మనసులో అంకె అనుకున్న వాళ్ళ తల కదలిక చూసి, చేత్తో తడుతూ ఆ అంకె దగ్గర ఆగిపోయేవాడు. ఎదుటివాడి మనసు చదవడమంటే అంతవరకే.

అన్నీ ఇలా దయ్యాల్ని ఓడించిన కథలే అనుకోకండి. హన్స్ బెర్గర్ అనే జర్మన్ కుర్రాడు 1890లలో సైనిక శిక్షణలో గుర్రం మీంచి పడి ఫిరంగి బండి చక్రం కింద నలిగిపోబోయి తప్పించుకున్నాడు. ఆ సాయంత్రమే ఇంటి నుంచి క్షేమమేనా అని టెలిగ్రాం. అక్కకి ఏదో కీడు తోచిందట. నా మెదడు నుంచి ఆమె మెదడుకి ఏదో వెళ్ళింది, అదేంటో పట్టుకోవాలి అనుకుని అతను వైద్యంలోకి మారిపోయాడు. ముప్పై ఏళ్ళకి, 1924లో మనిషి మెదడు విద్యుత్తుని తొలిసారి కాగితం మీద గీశాడు. ఇవాళ మూర్ఛ రోగికి తీసే ఈఈజీ అదే. టెలీపతీ మాత్రం ఆ కాగితం మీద ఎక్కడా కనపడలేదు.

ఇక్కణ్ణుంచి కథ విశాఖపట్నం వైపు తిరుగుతుంది. మానసిక శాస్త్రవేత్త విలియం మెక్‌డూగల్ 1927లో హార్వర్డ్ వదిలి డ్యూక్ యూనివర్సిటీకి వచ్చాడు. ఆయన దగ్గర చేరిన జె. బి. రైన్ చదివింది వృక్షశాస్త్రం. టెలీపతీ పరీక్షకి రైన్ వాడింది అయిదు గుర్తులు, ఒక్కోటి అయిదుసార్లు, మొత్తం 25 కార్డుల కట్ట. గుడ్డిగా ఊహిస్తే సగటున అయిదు తగలాలి. తన విద్యార్థులకి అంతకంటే ఎక్కువ తగులుతున్నాయని 1934లో రైన్ పుస్తకం రాశాడు. మనస్తత్వ శాస్త్రవేత్తలు లెక్క తప్పన్నారు. 1937లో గణిత సాంఖ్యకశాస్త్ర సంస్థ అధ్యక్షుడు బర్టన్ క్యాంప్, లెక్కలో దోషం లేదు, తప్పు పట్టాలంటే ఇంకెక్కడైనా పట్టండి అని ప్రకటించాడు. పట్టారు. బజార్లో అమ్మిన కార్డులు వెనక నుంచి కూడా కనిపిస్తున్నాయని తేలింది. ఇలా ప్రతి పోట్లాటలోనూ ఒక కన్నం పూడ్చుకుంటూ వచ్చారు, పూడ్చిన కొద్దీ ఫలితం పలచబడుతూ వచ్చింది.

1960లలో రైన్ దగ్గర పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావు గారు 1967లో ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, పారాసైకాలజీ (టెలీపతీ వంటి వాటిని పరీక్షించే చదువు) విభాగం పెట్టారు. తర్వాత డ్యూక్ దగ్గరున్న రైన్ సంస్థకి డైరెక్టరుగా వెళ్ళారు, తిరిగొచ్చి ఆంధ్రా యూనివర్సిటీకి ఉపకులపతి అయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. మనవాళ్ళు ఆయన్ని పొగడ్డమో ఎగతాళి చెయ్యడమో తప్ప చదివింది తక్కువ. 1987లో జాన్ పామర్‌తో కలిసి ఆయన రాసిన వ్యాసాన్ని 'బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్' పత్రిక, దాన్ని ఖండించే జేమ్స్ ఆల్‌కాక్ వ్యాసంతో పక్కపక్కన వేసింది. వివరణ దొరకని ఫలితాలు కొన్ని ఉన్నాయి, వాటిని మినహాయింపులుగానైనా ఒప్పుకోండి అంటారు రావు, పామర్. నూరేళ్ళైనా ఎవరు చేసినా తిరిగొచ్చే ప్రయోగం ఒక్కటి కూడా లేకుండా దాన్ని విజ్ఞానం ఎలా అంటారు అంటాడు ఆల్‌కాక్. నా ఓటు ఆల్‌కాక్‌కే. కానీ ఆ రెండు వ్యాసాలూ చదివిన విద్యార్థికి ప్రయోగ పద్ధతుల గైడు కొననక్కర్లేదు.

ఈ పారాసైకాలజీ వాళ్ళు మిగతా మనస్తత్వశాస్త్రం కంటే ముందే కొన్ని మంచి అలవాట్లు చేసుకున్నారు, మరి. అందరూ అనుమానంగా చూస్తుంటే తప్పుతుందా. 1974లో రైన్ సంస్థలోనే వాల్టర్ లెవీ అనే డైరెక్టరు ఫలితాలు తారుమారు చేస్తున్నాడని తోటి సహాయకులు కనిపెడితే, రైన్ స్వయంగా ఆ సంగతి బయటపెట్టాడు. 1970ల మధ్యలో మొదలైన యూరపు పారాసైకాలజీ పత్రిక, ప్రయోగం చెయ్యకముందే పథకం చూసి వ్యాసం వేసుకోవాలో వద్దో నిర్ణయించేది. ఫలితం వచ్చినా రాకపోయినా అచ్చు ఖాయం. 'కార్టెక్స్' పత్రిక 2013లో అదే పద్ధతి మొదలుపెడితే పెద్ద సంస్కరణ అని చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల వెనకా ఒక దయ్యం ఉంది. 2011లో కోర్నెల్ ప్రొఫెసరు డేరిల్ బెమ్, భవిష్యత్తుని మనిషి ముందే పసిగడతాడని తొమ్మిది ప్రయోగాలతో, వెయ్యి మందికి పైగా జనంతో, సామాజిక మనస్తత్వశాస్త్రంలో పేరున్న పత్రికలో వ్యాసం వేశాడు. తొమ్మిదింటిలో ఎనిమిది నెగ్గాయి. బెమ్ కొత్త కిటుకేమీ వాడలేదు. రోజూ అందరూ వాడే లెక్కలే వాడాడు. ఇబ్బంది అక్కడే వచ్చింది. ఆ లెక్కలతో భవిష్యత్తు కనపడుతోందంటే, అవే లెక్కలతో తేల్చిన మిగతావన్నీ ఏమైనట్టు? ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు బెమ్ ప్రయోగాన్ని మళ్ళీ చేసి, ఏమీ రాలేదని రాసి పంపితే, పాత ప్రయోగాల్ని మళ్ళీ చేసినవి మేం వెయ్యమని అదే పత్రిక తిప్పి పంపింది. నాలుగేళ్ళకి, 2015లో, పేరున్న పత్రికల్లోని 100 ప్రయోగాల్ని మళ్ళీ చేసి చూస్తే నిలబడ్డవి మూడింట ఒక వంతుకి కాస్త ఎక్కువ. వాటిలో ఆత్మల ఊసే లేదు, అన్నీ మర్యాదస్తుల ప్రయోగాలు.

నాకో హేతువాది స్నేహితుడున్నాడు. విశాఖలో ఆ విభాగం పేరులోంచి పారాసైకాలజీ మాట తీసేయాలంటాడు. "శాస్త్రం పేరు చెప్పి దయ్యాలకి జీతాలిచ్చాం గురూ" అంటాడు. తీసేస్తే వుంట్ లేఖనీ, బెస్సీ బీల్స్‌నీ, రీషే పేకముక్కల్నీ తీసేసిన పనే మళ్ళీ చేస్తాం అంటాను నేను. పేరు ఉంచండి, నమ్మకం అక్కర్లేదు. మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో ఆ 25 కార్డుల కట్ట ఇవ్వండి. నలభై మంది తరగతిలో సగటున ఇద్దరికి తొమ్మిదో పదో తగులుతాయి, లెక్క ప్రకారం తగలాలి కూడా. ఆ ఇద్దరూ తమకేదో శక్తి ఉందని పొంగిపోతారు, పక్కవాళ్ళు చుట్టూ మూగుతారు. అప్పుడు ఎన్నిసార్లు ఆడాలో ముందే బోర్డు మీద రాయించి, కట్ట మళ్ళీ కలిపి వాళ్ళిద్దరి చేతికే ఇవ్వండి.